సాధనలక్షణ విచారము

పాత్రధారణక్రీడలయందుఁ గృత్రిమమేధ యుపయోగించు సాధనములను వివరించి చెప్పు వాక్యములు ఎట్లుండవలెనో విచారించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము. విషయము క్రొత్తది. కాని పరిశీలింపఁగా దీనికిఁ గావలసిన సామగ్రి చాలవఱకు మన తర్కవ్యాకరణములయందే యున్నట్లు తోఁచుచున్నది. వివరణవాక్యము చెడినచో యంత్రము పొరపడును. వాక్యము నిర్దుష్టమైనచో నా పొరపాటు చాలవఱకుఁ దొలఁగును. వాక్యమును నిర్దుష్టముగ వ్రాయుట పండితుల విద్య. కావున నిది యంత్రశిల్పులకు మాత్రమే చెందిన పని యని మనము ప్రక్కకుఁ దొలఁగుట తగదని నా మనవి.

1. క్రీడాస్వరూపము

కొందఱు కూర్చుండి, యొక్కొక్కరు నొక్కొక్క పాత్రను ధరించి, తాము చేయఁదలఁచినదానిని నోటితోఁ జెప్పుచుందురు. ఒకఁడు సూత్రధారుఁడై కథను నడుపుచుండును. ఫలితము సందిగ్ధమైనచోటఁ బాచికలు వేసి నిర్ణయింతురు. ఇదియే పాత్రధారణక్రీడ. 1974లో అమెరికాదేశమున గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు రచించి ప్రకటించిన ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ ఇట్టి యాటలకు మార్గదర్శకము. మన రూపకములలోని సూత్రధారుఁడు ముందుగా వ్రాయఁబడిన నాటకమును బ్రయోగించును. ఈ సూత్రధారుఁడు వ్రాయఁబడని నాటకమును నడుపవలెను. కావున వానికిఁ బ్రతిభయు, జ్ఞాపకశక్తియు, పక్షపాతరాహిత్యమును గావలయును.

2019లో వెలువడిన ‘ఏఐ డన్జన్’ అను క్రీడలో నా సూత్రధారుని స్థానమును భాషాయంత్రము వహించెను. కథ చెప్పుటలో నీ యంత్రములు సమర్థములే. కాని యివి ముందున్న మాటలనుబట్టి తరువాతి మాట యేది సంభవించునో నిర్ణయించుచుఁ బోవునవి. మొదటి యంకమునఁ బోయిన కత్తి మూఁడవ యంకమున నాయకుని చేతిలోనే యుండును; పది రూకలు కలవాఁడు నూఱు రూకలు వెచ్చించును; పాచిక వేయకయే ‘పదునేడు పడినది’ యని యంత్రము చెప్పును. కథ సొంపుగనే యుండును, లెక్క మాత్రము తప్పును. ఆటగాఁడు రెండుమూఁడుసార్లు దీనిని గమనించినతోడనే యాటయందు విశ్వాసము పోవును.

ఇందుకు విరుగుడుగా యంత్రమునకు సాధనము లొసంగఁబడినవి. పాచిక వేయుటకొకటి, లెక్కపుస్తకము చూచుటకొకటి, పాత్రను చోటు మార్చుట కొకటి, ఇట్లు. ఆలోచనను, సాధనప్రయోగమును ఒకదానివెంట నొకటిగ నడపు పద్ధతిని 2022లో ‘రియాక్ట్’ అను పరిశోధనపత్రము ప్రతిపాదించెను. 2023 జూన్ నెలలో ఓపెన్ఏఐ సంస్థ తన యంత్రములు బయటి క్రమణికలను బిలువఁగల యేర్పాటును బ్రకటించెను. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ సాధనములను యంత్రములకు జోడించుటకొక సామాన్యమర్యాదను వెలువరించెను. ఇట్లు సాధనములను దానంతట దానే యెన్నుకొని కార్యము నెఱవేర్చు యంత్రమునే నేఁడు ఏజెంటు అనుచున్నారు.

సాధనమునకు నాలుగంగములు కలవు. పేరు, వివరణము, పూరణస్థానములు, అనఁగా ప్రయోగించునపుడు నింపవలసిన వివరములు, ఫలము. ముఖ్యముగ గ్రహింపవలసిన దేమన, సాధనము లోపల నెట్లు పనిచేయునో సాధారణముగ యంత్రము చూడదు. అది చూచునది పేరును, వివరణమును, పూరణస్థానములను మాత్రమే. ఇచ్చట శబ్దమే ప్రమాణము. ప్రత్యక్షమునకు సందు లేదు.

2. రేవులోని జెండాలు

ఇట్టి స్థితి మనకుఁ గ్రొత్తది కాదు. విశాఖపట్టణపు రేవు 1933లోఁ దెఱవఁబడినది. డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కగా నిఱుకైన కాలువగుండ నావ లోనికి రావలెను. ఏ దేశమునుండియో వచ్చిన నావికునకు ఆ త్రోవ తెలియదు. స్థానికుఁడగు పైలటు నావ నెక్కి త్రోవ చూపవలెను. నావికునకుఁ దెలుఁగు రాదు, రేవువారికి వాని భాష రాదు. ఐనను వ్యవహారము జరుగుచున్నది. కారణము అంతర్జాతీయ సంకేతగ్రంథము. దాని తొలి కూర్పును 1857లో బ్రిటిషు ప్రభుత్వము ప్రకటించెను.

అందు ‘జి’ అను జెండా, పసుపు నీలి నిలువుచారలు కలది, ‘నాకుఁ బైలటు కావలెను’ అని చెప్పును. ‘హెచ్’ అను జెండా, సగము తెలుపు సగ మెఱుపు కలది, ‘పైలటు నా నావపై నున్నాఁడు’ అని చెప్పును. జెండాను జూచినవాఁడు నావలోనికిఁ దొంగిచూడఁజాలఁడు. గ్రంథములోఁ జెప్పిన యర్థమే వానికాధారము.

ఇంకొక విశేషము కలదు. చేపలు పట్టు పడవలు ఒకదానికొకటి సమీపమున వేటాడుచు నీ ‘జి’ జెండాను ఎత్తినచో దాని యర్థము మాఱును. ‘వలలు లాగుచున్నాను’ అని యర్థము. విశాఖలో వాణిజ్యపు రేవునకుఁ జేరువనే చేపలరేవు కలదు. ‘జి అనఁగాఁ బైలటు కావలెను’ అని మాత్రమే వ్రాసి యూరకుండినచో, వలలు లాగుచున్న పడవకుఁ బైలటును బంపవలసివచ్చును. గ్రంథకర్తలు ఎవరు, ఎచ్చట, ఏ స్థితిలో ఎత్తినపుడు ఏ యర్థమో విడఁదీసి చెప్పుటచేత నా చిక్కు తొలఁగినది. సాధనవివరణము చేయవలసిన పనియు నిదియే.

3. లక్షణదోషములు మూఁడు

వస్తువునకు లక్షణము చెప్పునపుడు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అను మూఁడు దోషములు రాఁగూడదని తర్కమును జదువు బాలురు సైత మెఱుఁగుదురు. గోవునకుఁ గపిలవర్ణము లక్షణమన్నచో తెల్లయావు విడిచిపోవును, ఇది యవ్యాప్తి. కొమ్ములు లక్షణమన్నచో గేదెయుఁ జేరును, ఇది యతివ్యాప్తి. ఒంటిగిట్ట లక్షణమన్నచో నొక్క యావునకును బట్టదు, ఇది యసంభవము. మెడక్రింది గంగడోలే నిర్దుష్టలక్షణము. ఆంధ్రుఁడగు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము మూలమున నీ విచారము దేశమంతటను బాలపాఠమైనది.

ఇఁక 1933 నాఁటి విశాఖరేవును రంగముగాఁ గొని యొక యాట నూహింతము. ఆటగాఁడు రేవులో నొక గుమాస్తా. మాంగనీసు ఖనిజము, బియ్యపుబస్తాలు, నావలు, కూలీలు, దొంగసరకు, ఇవి కథావస్తువులు. యంత్రము సూత్రధారుఁడు.

పాచికసాధనమునకు ‘పోరాటములోఁ బాచిక వేయును’ అని వ్రాసితి మనుకొందము. ఆటగాఁడు డాల్ఫిన్స్ నోస్ కొండనుండి చీఁకటిలో దిగఁజూచును. జాఱునా జాఱఁడా యనునది పాచికవలనఁ దేలవలెను. కాని వివరణమునఁ బోరాటమే చెప్పఁబడినది. యంత్రము సాధనమును విడిచి, జాఱి పడెనని తానే కల్పించి చెప్పును. ఇది యవ్యాప్తి.

దీనిని సవరింపఁబోయి ‘సందేహము కలిగినపుడెల్లఁ బాచిక వేయును’ అని వ్రాసితిమి. ఇప్పుడు ‘ఆ నావమీద ఎగురుతున్న జెండా ఏ రంగు?’ అని యాటగాఁడడిగినను యంత్రము పాచిక వేయును. తాళము లేని తలుపు తీయుటకును వేయును. ఇది యతివ్యాప్తి.

మఱియొక సాధనమునకు ‘ఆటగానియొద్ద మిగిలిన ధనమును జెప్పును’ అని వివరణము వ్రాయఁబడినది. లోపలి క్రమణిక మాత్రము మిగిలిన బస్తాల సంఖ్య నిచ్చుచున్నది. 40 బస్తాలు 40 రూపాయలైనవి. ఇది యసంభవము. మూఁటిలో నిది ప్రమాదకరము. మొదటి రెండును ఆటలో వెంటనే కనఁబడును. ఇది లెక్కలోఁ గలిసిపోయి, కథ చాలదూరము నడచినపిదపఁ గాని బయటపడదు. క్రమణికను మార్చినవాఁడు వివరణమును మార్చుట మఱచిపోవుటయే దీనికి సామాన్యకారణము.

నిర్దుష్టవాక్య మిట్లుండవచ్చును: ‘పాత్ర చేయఁదలఁచిన పని ఫలించునో ఫలింపదో నిశ్చయము కానపుడు, విఫలమైనచోఁ గథలో నష్టము కలుగునపుడు, పాచిక వేయుము. చూచినంతనే తెలియు విషయములకును, ఆటంకము లేని పనులకును వేయకుము.’ రెండవ వాక్యమును గమనింపవలయును. విధితోఁబాటు నిషేధమును జెప్పనిచోఁ జాలవఱకు నతివ్యాప్తి తప్పదు.

4. కారకములు

పూరణస్థానముల విషయమున వ్యాకరణము సహాయపడును. క్రియ చెప్పఁగానే వినువానికిఁ గొన్ని యాకాంక్షలు పుట్టును. ‘ఇచ్చెను’ అనఁగానే ఎవరు, ఏమి, ఎవరికి అను ప్రశ్నలు లేచును. ఇవియే కారకములు. సాధనమునకుఁ బూరణస్థానములు నిర్ణయించువాఁడు ఆ క్రియకు నియతములగు కారకము లేవియో యెంచి చూచినచో నేదియు విడిచిపోదు. సరకు అప్పగించుటయందు అపాదానము, అనఁగా నెవరినుండి. సంప్రదానము, అనఁగా నెవరికి. కర్మ, అనఁగా నేసరకు. వీనికిఁ బరిమాణము చేరవలెను. పరిమాణమునకు మానమును చెప్పవలయును. బస్తాలా, టన్నులా? ఈ యొక్క మాట లేనికొఱఁతచే 20 బస్తాల బియ్యము 20 టన్నులగును.

‘పేరు’ అని మాత్రమే యొక స్థానమునకు గుఱుతు పెట్టుట తఱచుగఁ గనఁబడు లోపము. ఎవరి పేరు? ఇచ్చువానిదా, పుచ్చుకొనువానిదా? తెలుఁగునందు ‘నుండి’, ‘కు’ అను విభక్తులు దీనిని దేల్చును. పూరణస్థానములకు విభక్తితోఁ గూడిన పేర్లు, ‘ఎవరినుండి’, ‘ఎవరికి’ అని, పెట్టినచోఁ దికమక యుండదు.

సాధనముల పేర్లయందును జాగ్రత్త వలయును. 1992లో జాతి కంకితమైన విశాఖ యుక్కు కర్మాగారమున మూఁడు బ్లాస్టు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేళ్లు. కర్మాగారము రంగముగాఁ గల యాటలో ‘గోదావరి స్థితి’ అని సాధనమునకుఁ బేరిడినచో, నది వఱదను అడిగినవానికిఁ గొలిమి వేఁడిమి చెప్పవలసివచ్చును. ‘కొలిమి గోదావరి వేఁడిమి’ యన్నచో సందేహము లేదు. అట్లే తిరుగఁబోని పనిని తిరుగఁబోనిదని చెప్పవలెను. పెద్దకొలిమి రాత్రింబవళ్లు మండవలసినది. దానిని జల్లార్చినచో లోని లోహము గడ్డకట్టును. ‘కొలిమి నాపును’ అని మాత్రమే వ్రాసినచో దీపము నార్పుటకును దీనికిని యంత్రమునకు భేదము తోఁపదు. ‘మరల వెలిగించుట బహుకష్టము, ఆటగానిని మఱల నడిగి, యొప్పుకొన్న పిదపనే ప్రయోగింపుము’ అని చేర్పవలయును.

5. తెలుఁగున వచ్చు చిక్కులు

ఇట్టి వివరణములు సామాన్యముగ నింగ్లీషుభాషయందే వ్రాయఁబడుచున్నవి. ఆటగాఁడు తెలుఁగున మాటాడునపుడు కొన్ని భేదములు ఇంగ్లీషు వివరణమున నిమిడిపోవు. ఈ భాగము పండితులు ప్రత్యేకముగఁ బరిశీలింపఁదగినది.

మొదటిది ‘మనము’, ‘మేము’ అను భేదము. ‘మనం కొండెక్కుదాం’ అన్నచో వినుచున్న చెలికాఁడును వచ్చును. ‘మేం కొండెక్కుతాం’ అన్నచో వాఁడు రాఁడు. ఇంగ్లీషున రెంటికి నొకటే మాట. పాత్రలను జోటు మార్చు సాధనమున నీ భేదము చెప్పనిచో, పడవకుఁ గావలి యుండవలసినవాఁడు కొండమీఁద కనఁబడును. పడవను దొంగలు కొనిపోవుదురు. కావున ‘ఎవరెవరు’ అను స్థానమున ‘మేము, మనము అని వ్రాయక పాత్రల పేర్లను విడివిడిగ వ్రాయుము; మనము అన్నచో వినువాఁడును జేరును, మేము అన్నచోఁ జేరఁడు’ అని వివరింపవలయును.

రెండవది ‘మీరు’. కావలివాఁడు ‘మీరు లోపలికి రండి’ యన్నచో నది యొక్కనికి గౌరవమో, పలువురకుఁ బిలుపో సందర్భమునుబట్టి కాని తెలియదు.

మూఁడవది ‘వస్తాను’. అంగడిలో బేరము ముగించి ‘వస్తానండీ’ యన్నవాఁడు సెలవు తీసికొని పోవుచున్నాఁడు. మాటకు మాటగా నర్థము చేసికొన్నచో వాఁడు లోనికి వచ్చుచున్నాఁడు. మనలో పసివాఁడును బొరపడని యీ వాడుకను వివరణమున నొక పంక్తిలోఁ జెప్పుట మంచిది.

నాలుగవది కారకలోపము. ‘ఇచ్చేశాను’ అని యాటగాఁడు ముగించును. ఏమి, ఎవరికి అనునది ముందు సంభాషణలో నుండవచ్చును, ఉండకపోవచ్చును. ‘ముందు సంభాషణలో స్పష్టముగ లేనిచో నూహింపక యడుగుము’ అను విధి వ్రాయవలెను.

6. ఒక యుదాహరణము

ఇప్పుడు చెప్పినవానిని గూర్చి చూతము. మొదట దోషయుక్తమగు వివరణము: ‘సరకు బదిలీ. సరకును బదిలీ చేయును.’ పేరు చెప్పినదానినే వాక్యము మఱలఁ జెప్పినది; ఇందువలన నెఱిఁగినదేమియు లేదు.

సవరించిన వివరణము:

‘సరకు అప్పగింత. ఒకరియొద్దనున్న సరకును మఱియొకరికి గాని, గిడ్డంగికి గాని, నావకు గాని యప్పగించి, లెక్కపుస్తకమున నిరుప్రక్కల సంఖ్యలను మార్చును. ఆటగాఁడు అప్పగించితినని నిశ్చయముగఁ జెప్పినపుడే వాడుము. బేరము నడుచుచున్నపుడు వాడకుము. ఎంత సరకున్నదో తెలిసికొనుట మాత్రమే కావలసినచో “సరకు లెక్క” యను సాధనమును వాడుము. నింపవలసినవి: ఎవరినుండి, ఎవరికి, ఏ సరకు, ఎన్ని బస్తాలు, సంఖ్య 1కిఁ దక్కువ కాని పూర్ణసంఖ్య. ఫలము: ఇరువురియొద్ద మిగిలిన బస్తాలు. సరకు చాలనిచో నేమార్పును జరుగదు. ఎన్ని తక్కువయో తెలుపును. అపుడు ఆ సంఖ్యను ఆటగానికిఁ జెప్పి, యేమి చేయుదువని యడుగుము.’

మొదటి వాక్యము స్వరూపమును, రెండవ మూఁడవ వాక్యములు విధినిషేధములను, నాలుగవది పొరుగు సాధనముతోడి భేదమును, ఐదవది కారకములను మానమును, తక్కినవి ఫలమును వైఫల్యమును జెప్పుచున్నవి. వైఫల్యమును జెప్పుట యనావశ్యకమని తలంపరాదు. ‘దోషము కలిగినది’ యని మాత్రమే బదులు వచ్చినచో యంత్రము అదే ప్రయోగమును మరల మరలఁ జేయును, లేదా జరిగినట్లే కథ చెప్పును. ఏది లోపించినదో, తరువాత నేమి చేయవలెనో తెలిపిన బదులే బదులు.

సూత్రము స్వల్పాక్షరముగను, అసందిగ్ధముగను ఉండవలెనని ప్రాచీనుల మతము. ఇచ్చటను సంక్షేపము గుణమే. ఏలయన సాధనముల వివరణములన్నియు సంభాషణతోఁబాటు యంత్రము చదువవలసినవి, అవి పెరిగినకొలఁది ముఖ్యాంశము మఱుఁగుపడును. కాని సంక్షేపమునకై యసందిగ్ధతను విడువరాదు. రెంటికి విరోధము వచ్చినచో నసందిగ్ధతయే యధికము.

7. పరీక్ష

వ్రాసిన వాక్యము మంచిదని వ్రాసినవాఁడు తలఁచినంత మాత్రమునఁ జాలదు. ఆటగాండ్రు పలుకఁగల వాక్యములను ఒక పట్టికగా వ్రాసి, ప్రతిదానికి నేసాధనము తగునో, ఏదియుఁ దగదో, ముందుగా నిర్ణయించుకొని, యంత్రము దేనిని బ్రయోగించునో చూడవలయును. ఇందు అన్వయవ్యతిరేకములు పనికివచ్చును. వివరణములో నొక వాక్యమున్నపుడు పొరపాటు తొలఁగి, దానిని దీసివేసినపుడు మరల వచ్చుచున్నచో, ఆ వాక్యమే కారణమని యెంచవచ్చును. తీసివేసినను భేదము కనఁబడనిచో నా వాక్యము భారమే. ఒక్కసారి యొక్క మార్పునే చేయవలెను. రెండు చేసినచోఁ గారణము తెలియదు. యంత్రము ఒకే ప్రశ్నకు నన్నిమాఱులు నొకేరీతిగ బదులు చెప్పదు కావున, ప్రతి పరీక్షను బలుమాఱులు చేయవలసియుండును.

ఇచ్చట నొక హెచ్చరిక. వివరణము యంత్రమునకు మార్గము చూపును, కట్టడి చేయఁజాలదు. లేని సరకు నప్పగింపఁగూడదన్న నియమము సాధనములోపలి క్రమణికయందే యుండవలెను. ఆటగాఁడు చమత్కారముగ మాటాడి యంత్రమును నమ్మింపవచ్చును. లెక్కపుస్తకమును మాత్రము నమ్మింపఁగూడదు. రేవులో సంకేతగ్రంథ మెంత స్పష్టముగనున్నను, నావను ఒడ్డునకుఁ గట్టుటకు మోకులు వలదా?

ఇదంతయు నాటకొఱకే కదా యనవచ్చును. ఆటయందు నష్టము స్వల్పము. అందుచేతనే యది మంచి యభ్యాసభూమి. ఇదే విధమగు సాధనములు, ఇదే విధమగు వివరణములు, వ్యాపారమునందును గార్యాలయములందును యంత్రములకు నియ్యఁబడుచున్నవి. అచ్చట ‘ఇచ్చేశాను’ అన్నది నిజమైన ధనము, ‘మేము’ అన్నది నిజమైన మనుష్యులు. తెలుఁగు మాటాడువాని యభిప్రాయము యంత్రమునకుఁ జెడకుండఁ జేరవలెనన్నచో, ‘మనము’, ‘మేము’లకు భేదమెఱిఁగినవారు వివరణములు వ్రాయవలయును, లేదా వ్రాసినవానిని దిద్దవలయును. పాఠశాలలలో లక్షణదోషములను, కారకములను బోధించు పండితులు తమ విద్యార్థులచేత నొక పాచికకో, తాళపుచెవికో నిర్దుష్టమైన వివరణమును వ్రాయించి చూచినచో, ఆ పాఠములయొక్క ప్రయోజనమును బాలురు స్వయముగఁ గనుఁగొందురు. ఇందలి లోపములను విజ్ఞులు సవరించి, యీ విచారమును ముందునకుఁ గొనిపోవుదురని ప్రార్థించుచున్నాఁడను.